తెలుగు పేపరు చదివిన వాలుగ

నూకరాజు నోట్లోంచి ఏ వస్తువూ పుట్టిన కొలతతో బయటికి రాదు. బెత్తెడు పాము బారెడవుతుంది. నాలుగు చినుకులు పడితే వడగళ్లవుతాయి. ఆఫీసరు దారిన పోతూ "ఏం నూకరాజూ" అంటే, ఇంటికొచ్చేసరికి అది "నూకరాజూ, నువ్వు లేకపోతే ఈ వ్యాగన్ షాపు ఏమైపోయేదయ్యా" అవుతుంది. రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపు కాలనీలో, అందరూ డబ్ల్యూఆర్‌ఎస్ అనే ఆ కాలనీలో, తెలుగు తెలిసిన ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. అందరికంటే బాగా తెలిసింది అతని కూతురు ఊర్మిళకి. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం తండ్రిని గుమ్మంలో ఆపి, అతని చెయ్యి తన నెత్తిమీద పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకుంది.

"ఒక్క ముక్క చాలు నాన్నా. 'సాధు చేపండీ, ఎవరినీ ఏమీ చెయ్యదండీ' అను. అంతే. ఆ తర్వాత నోరు తెరవకు."

"టీకి కూడానా?"

"టీకి తెరువు. మళ్లీ మూసెయ్యి."

"మూసీస్తాను. నీ మీదొట్టు, ఈ నూకరాజు మాటంటే మాటే," అన్నాడు నూకరాజు. ఆ మాట వినే ఊర్మిళకి ఒట్టు మీద నమ్మకం పోయింది.

సంగతేమిటంటే, వాళ్ల క్వార్టరు లోపలి గదిలో ఒక గాజు తొట్టి ఉంది. యాంగిల్ ఇనుముతో చట్రం కట్టి, నాలుగు పక్కలా గాజు పలకలు లప్పంతో బిగించి, నూకరాజే చేశాడు. ఫిట్టరు పనిలో అతను చిల్లి కాసంత కోత కూడా కొయ్యడు, మూడడుగులంటే మూడడుగులే. ఆ తొట్టిలో ఒక వాలుగ చేప ఉంది. వాలుగంటే మంచినీళ్లలో పులి, నోట్లో పట్టిందల్లా మింగి కూర్చుంటుంది. రెండేళ్ల కిందట చిటికెన వేలంత వచ్చింది, ఇప్పుడు తొట్టిలో వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచుకోవాలి. తిరిగినప్పుడల్లా ముక్కు గాజుకి రాసుకుని తెల్లగా పుండు పడింది. ఇంకో నెల ఇలాగే ఉంటే అది బతకదని ఊర్మిళకి తెలుసు. దాలమ్మ, అంటే ఊర్మిళ తల్లి, అంతవరకూ ఆగేలా లేదు. "ఆదివారం దాటితే సోమారం పులుసే. నానేటి, సేపకి క్వార్టరు రాసిచ్చీసినానా?" అని వారం నుంచి ఒకటే పాట.

రైల్వే ఇన్‌స్టిట్యూట్, అంటే ఉద్యోగుల క్లబ్బు, దాని హాల్లో ఎనిమిదడుగుల సిమెంటు తొట్టి ఉంది, ముందుపక్క గాజుతో. అందులో రంగు చేపలన్నీ వేసవికి పోయి, పాచి పట్టి ఖాళీగా పడుంది. ఆ మాట చెవిన పడగానే ఊర్మిళ తండ్రి పేరుతో తనే ఒక అర్జీ రాసి పంపింది. దానికి జవాబుగా ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ రామమూర్తి ఈ సాయంత్రం చేపని చూడటానికి స్వయంగా వస్తున్నాడు. ఆయన సరేనంటే చేప బతికినట్టు. లేదంటే చింతపండు నానబెట్టినట్టు.

రామమూర్తి నాలుగున్నరకి వచ్చాడు. రాజమండ్రి మనిషి, ఆఫీసులో హెడ్ క్లర్కు. మబ్బు లేకపోయినా గొడుగు తెస్తాడు. ఏదైనా సరే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటే తప్ప నమ్మడు, నమ్మితే తప్ప రాసుకోడు. ఆయన వరండాలో కుర్చీ మీద కూర్చునేసరికి పక్క క్వార్టరు జోగయ్య, వరంగల్ వైపు మనిషి, షాపులో క్రేను నడుపుతాడు, వచ్చి నులకమంచం మీద చతికిలబడ్డాడు. వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటరు సూరిబాబు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ ఇద్దరూ చేపని వందసార్లు చూసినవాళ్లే. వాళ్లు వచ్చింది చేప కోసం కాదు.

"ఏమయ్యా నూకరాజూ," అన్నాడు రామమూర్తి పుస్తకం తెరిచి, కలం మూత తీసి. "మా తొట్టి దగ్గరికి శనివారం శనివారం పిల్లలొస్తారు. చేప ఎలాంటిది?"

"సాదు సేప బావూ. ఎవలినీ ఏటీ సెయ్యదు."

అని నోరు మూసేశాడు. గుమ్మానికి వేసిన కర్టెన్ వెనక టీ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఊర్మిళ ఊపిరి వదిలింది. రామమూర్తి "సాధువు" అని పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఇంకొక్క రెండు నిమిషాలు. లోపలికొచ్చి చూసి, సరేనని వెళ్లిపోతే చాలు.

అప్పుడు జోగయ్య కాలు మీద కాలు వేసుకుని, మీసం కింద నవ్వు దాచుకుని అడిగాడు. "అన్నా, గా చేప నీకు యాడ దొరికిందే?"

నూకరాజు కర్టెన్ వైపు చూశాడు. కర్టెన్ కదల్లేదు. దాన్ని అతను అనుమతి అనుకున్నాడు.

"యాడ దొరికిందా? అరే, అది పూరా ఒక కత! గుఢియారీ బజారు నేదా, పట్టాల అవతల, అక్కడికి నాను కొత్తిమీర కట్టకని ఎల్లినాను, మీ వొదినే పంపినాది, కొత్తిమీర కొని సంచీలో ఏసుకుని వొస్తన్నాను, ఒక కేవట్ ముసిల్ది, సేపలు పట్టేవోళ్ల మనిషి, గంప పెట్టుకుని కూసున్నాది, గంపలో సేపలన్నీ సచ్చినవే, పక్కన సిన్న గిన్నెలో మాత్రం నీళ్లు, ఆ నీళ్లల్లో ఇదిగో ఇంతే, సిటికెన ఏలంత పిల్ల, మీసాలతోని, నా మొకంలోకి సూటిగా సూస్తన్నాది! ఇదేటమ్మా అని అడిగినాను, హిందీలోనే అడిగినాన్లెండి. అప్పుడా ముసిల్ది ఏటన్నాదో తెలుసా?"

"ఏమన్నది?"

"'యే పఢినా ఆయ్ బాబూ' అన్నాది! పఢ్నా! పఢ్నా అంటే ఏటి? సదవడం! ముప్పయ్యేళ్లు రాయపూర్లో నీళ్లు తాగినోణ్ణి, నాకా తెలీదు హిందీ? 'సేప సదూతాదా?' అన్నాను. ముసిల్ది నోరంతా తెరిచి నవ్వి తలూపినాది. తలూపినాదంటే అవుననే గాదేటి! బస్, మారు మాటాడకుండా కొనీసినాను. కొత్తిమీర అక్కడే మర్చిపోనాను."

"కొత్తిమీర పోతే పోనాది, రెండు గంటలు మనిషే పోనాడు!" అని లోపల్నుంచి దాలమ్మ.

ఊర్మిళ పెదవి కొరుక్కుంది. ఛత్తీస్‌గఢ్ జాలర్లు వాలుగని పఢినా అంటారు. ముసలమ్మ చెప్పింది దాని పేరు. నాన్నకి వినబడింది దాని చదువు. చేప వచ్చిన వారానికే ఊర్మిళ ఆ సంగతి కూరలమ్మే ఆవిడ దగ్గర తెలుసుకుంది. తెలుసుకుని, రెండేళ్లుగా ఒక్కసారీ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదన్నది వేరే సంగతి, దాని వంతూ వస్తుంది.

"మరి చదివిందా?" అన్నాడు సూరిబాబు, తెలియనివాడిలా.

"సెప్తన్నాను గదరా! ఇంటికి తెచ్చినాను, తొట్టి కట్టినాను, సేపని వొదిలినాను. అది అటు పరిగెడతాది, ఇటు పరిగెడతాది, మనసు నిలవదు. సదువుకున్న జీవానికి సదవడానికేటీ లేకపోతే ఎలాగుంటాది? నాకు తట్టినాది. ఇంట్లో ఒక హిందీ పేపరుంటే తొట్టి ఎనక గాజుకి అతికించినాను. అది వొచ్చినాది, సూసినాది, తోక తిప్పీసి ఎల్లిపోనాది! సరే అని మర్నాడు స్టేషన్‌కి ఎల్లినాను, విశాఖపట్నం నుంచి ఒక రోజు లేటుగా వొచ్చే తెలుగు పేపరు తెచ్చి అతికించినాను. ఆ తరవాతేటైనాదో తెలుసా బావూ?"

రామమూర్తి పిల్లలు కథ వినేటప్పటిలా మెడ ముందుకి చాచాడు. "ఏమైంది?"

"పేపరుకి ఒళ్లంతా ఆనించి పడుకున్నాది! ఈ మూల నుంచి ఆ మూలకి మెల్లగా, మళ్లీ ఎనక్కి వొచ్చి ఇంకో వరస, మళ్లీ ఎనక్కి. వరస తప్పదు! ఖారున్ నదిలో పుట్టిన సేప, హిందీ అంటే మొకం తిప్పీసి తెలుగు సదూతాదేటండీ! మన అదృష్టం గాదేటి? ఆ రోజు నుంచీ ఈ రోజు వరకూ ఒక్క రోజు నాగా పెట్టకుండా పేపరు తెస్తన్నాను. పాత పేపరు అతికించినానా, మూతి ముడుసుకుంటాది. అచ్చు తప్పు దొరికినాదా, తోకతోని గాజు మీద టప్పున కొడతాది!"

ఊర్మిళ చేతిలో టీ చల్లారుతోంది. ఇదీ ఆ వేరే సంగతి. ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకి టైఫాయిడ్ వచ్చి మూడు నెలలు మంచం దిగకపోతే, వంటింటి పని ఊర్మిళకి వచ్చింది, బడి పోయింది. అమ్మ లేచింది గాని బడి తిరిగి రాలేదు. అప్పట్నుంచి పచారీ పొట్లాల కాగితాలు, మందు సీసాల మీది అక్షరాలు, పక్కింటివాళ్లు పారేసిన సగం పుస్తకాలు, ఏది దొరికితే అది చదివింది. అలాంటి ఇంట్లోకి రోజూ ఒక పేపరు రావడం మొదలైంది, చేప పేరుతో. నాన్న రాత్రి తెస్తాడు. తెల్లారి అతికించే పని ఊర్మిళది. మధ్యలో దొరికే ఒక గంటలో ఆమె తలకట్టు నుంచి చివరి పేజీ అడుగున ముద్రాపకుల పేరు దాకా ఒక్క అక్షరం వదలదు. చేపకి చదువు రాదని చెప్పిన రోజున ఆ పేపరు ఆగిపోతుంది. అందుకే చెప్పలేదు. నాన్న కోతల్లో తనకీ ఒక చిన్న వాటా ఉందని ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పుకోని తప్పు ఏదైనా ఉంటే అదే.

కర్టెన్ పక్కకి తీసి టీ గ్లాసులు తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. తండ్రి దగ్గర ఆగి కళ్లతోనే అడిగింది. నూకరాజు గ్లాసు అందుకుని, ఆమె వైపు చూడకుండా ఊదుకుని తాగాడు. టీకి తెరిచిన నోరు మరి మూతపడలేదు.

"తిండేం తింటుంది?" అన్నాడు రామమూర్తి.

"వానపాములు," అంది ఊర్మిళ చప్పున. "చిన్న చేప ముక్కలు."

"మొదట్లో!" అన్నాడు నూకరాజు. "అదంతా మొదట్లో బావూ! వానపాములైనాయి, కప్పలైనాయి, మటన్ దుకాణం నుంచి బోటీ తెస్తే బోటీ అయినాది. ఒక రోజు అల్యూమినియం చెంబు కనపడలేదు. మర్నాడు సబ్బు కనపడలేదు. మూడో రోజు తొట్టి మీద నురగ! అప్పుడు తెలిసినాది నాకు, సబ్బు ఎటెల్లినాదో. ఆ నాలుగో రోజు రెండో నంబరు క్వార్టరోళ్ల పిల్లి తొట్టి గట్టు మీదెక్కి పంజా నీళ్లల్లో పెట్టినాది…"

"పిల్లి బతికే ఉంది మావయ్యా, పొద్దున్న మా ఇంట్లో పాలు తాగింది," అన్నాడు సూరిబాబు.

"అది దాని సెల్లెలు."

జోగయ్య టీ ఉమ్మేయకుండా ఆపుకున్నాడు. రామమూర్తి నవ్వలేదు. పుస్తకంలో "సాధువు" అన్న మాట వైపు ఒకసారి చూసుకుని, "మనుషుల జోలికి మాత్రం రాదు కదా?" అన్నాడు.

రాదు అను నాన్నా, అనుకుంది ఊర్మిళ గుమ్మంలో నిలబడి. ఒక్క మాట. రెండక్షరాలు.

నూకరాజు ఎడమ చేతి బొటనవేలు పైకెత్తి చూపించాడు. గోరు సగమే ఉంది, చివర చదునుగా నొక్కుకుపోయి ఉంది. "ఇది సూసినారా? మేత ఏస్తన్నాను, పరాగ్గా ఉన్నాను, సర్రున లేచి ఏలు పట్టీసినాది. ఇంకోడైతే అరుస్తాడు. నాను అరవనేదు. దాని కళ్లలోకి సూసినాను, అది నా కళ్లలోకి సూసినాది. రైల్వేవోడి ఏలు, నూనె, గ్రీజు, తుప్పు, ముప్పయ్యేళ్ల రుసి! సగం గోరు కొరికి, 'అరే, ఇది మన ఇంటాయనదే' అని వొదిలీసినాది."

"అన్నా, గా వేలు షాపుల ఇనుము బిగించే వైసుల పడ్డది గదనే," అన్నాడు జోగయ్య నెమ్మదిగా. "దావఖానకు నేనే తీస్కపోతిని."

"వైసులో పడ్డది కుడి సెయ్యి."

"నీ కుడి చెయ్యి మంచిగనే ఉన్నది గదా."

"ఆ, మరి వైద్యం అలాంటిది!"

నవ్వు వరండా దాటి రోడ్డు మీదికి పోయింది. అయితే నవ్వినది ఇద్దరే. రామమూర్తి ఆ సగం గోరునే చూస్తూ ఉన్నాడు. ఆయన గొడుగు ఒళ్లోకి తీసుకున్నాడు. అది ఊర్మిళ చూసింది. నాన్న ఒక్కో అడుగు చేపని పొడిగించిన కొద్దీ ఇన్‌స్టిట్యూట్ తొట్టి ఒక్కో ఆమడ దూరం జరుగుతోంది. కోపం వచ్చింది. ఆ కోపం మధ్యలోనే, సిగ్గు లేకుండా, తర్వాత ఏం చెబుతాడో వినాలని కూడా ఉంది. చిన్నప్పట్నుంచి ఆ గొంతు వింటూ అన్నం తిన్న పిల్ల మరి.

"పొడవెంత ఉంటుంది?" అన్నాడు రామమూర్తి, గొంతు సవరించుకుని.

"ఏ రోజు పొడవు సెప్పమంటారు? మూణ్ణెల్లకి అయిదడుగులైనాది. తొట్టి సాలక ముందు గదిలోకి ఒకటి కట్టినాను, రెండూ కలిపినాను. ఆర్నెల్లకి తల ముందు గదిలో, తోక వంటింట్లో! పదకొండడుగులు! మీ వొదిన అంట్లు తోమి అక్కడ పెడితే సాలు, తోక ఇలా ఒక్క ఊపు ఊపి అన్నీ కడిగీసేది…"

"ఏటీ, కడిగినాదా?" దాలమ్మ ఈసారి గరిటెతోనే వచ్చింది గుమ్మంలోకి. "నా సేతులు సూడండి బాబూ, కడిగింది సేపో నానో!"

"పాపం మర్చిపోనాది. నీళ్లల్లో పని గదా, గుర్తుండదు," అని నూకరాజు జాలిగా చెప్పి, ముందుకి వంగాడు. "అసలు సంగతి ఇది గాదు బావూ. కిందటి వానాకాలం, పద్నాలుగడుగులు దాటీసినాది, ఇంట్లో పట్టదు, ఏటి సెయ్యాల? యార్డులో నీళ్ల ట్యాంకరు వ్యాగనొకటి ఖాళీగా ఉన్నాది. జోగయ్య క్రేనుతోనే ఎత్తించి అందులో ఏసినాను."

"నా క్రేనా? ఎప్పుడన్నా?" అన్నాడు జోగయ్య.

"నువ్వు సెలవులో ఉన్నావు. ఇంకో డ్రైవరు. మాట మద్దెలో అడ్డొస్తావేటి? ట్యాంకరులో సేప ఉన్నాది, పైన మూత తీసే ఉన్నాది, తల బయట పెట్టి యార్డంతా సూస్తన్నాది. ఈ సూరిబాబు రాసిన వ్యాగన్ నంబర్లు వరసగా సదివి, ఒకదాని దగ్గర ఆగి టప్పున తోక కొట్టినాది. ఎల్లి సూస్తే ఏటి? ఆరు రాయాల్సిన సోట తొమ్మిది!"

"మావయ్యా! నేనెప్పుడూ…" సూరిబాబు మెట్టు మీంచి లేచాడు.

"కూసో, రిపోర్టు సెయ్యనేదు నాను. అంతలో వాన. ఎలాంటి వాన! ఎదర మనిషి కనపడడు. ట్యాంకరున్న లైను మీదికే, అడ్డదిడ్డంగా, ఒక ఇంజను వొచ్చీస్తన్నాది! అందరం 'అయ్యో, అయ్యో' అంటన్నాం. సేప సిగ్నలు సూసినాది. సదివినాది. అర్థం సేసుకున్నాది! ట్యాంకరులో ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క దూకు దూకినాది, లోపలి నీళ్లన్నీ ఒక్కసారి ఎనక్కి తోసుకుపోనాయి, ఆ ఊపుకి ట్యాంకరు గడగడా ఎనక్కి దొర్లి పక్క లైనులోకి ఎల్లిపోనాది! ఇంజను ఇదిగో, ఈ గుమ్మమంత దూరంలోంచి ఎల్లిపోనాది! పెద్దాఫీసరొచ్చి సేపకి దండేసినాడు. సేప దండ తినీసినాది. ఆయన సంతోషపడిపోయి 'దీన్ని ఉద్యోగంలో ఏసుకుందాం' అన్నాడు. కంటి పరీక్ష పెట్టినారు. రైల్వే కంటి పరీక్ష తెలుసు గదా, ఎంతమంది పోతారో! నానే మూడో వరసలో ఆగిపోనాను. అది ఆఖరి వరస దాకా సదివీసి, కింద అచ్చేసినోడి పేరు కూడా సదివీసినాది! ఏ-వన్ పాస్!"

"మరెందుకియ్యలేదు నౌకరీ?" అన్నాడు జోగయ్య, కళ్లు తుడుచుకుంటూ.

"పుట్టిన తేదీ సర్టిఫికెట్టు నేదు."

జోగయ్య నులకమంచం మీద పక్కకి వాలిపోయాడు. సూరిబాబు గోడకి తల ఆనించి నవ్వాడు. దాలమ్మ కూడా గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో రామమూర్తి ఒక్కడే సీదాగా కూర్చుని, "మా తొట్టి గాజు అరంగుళం మందం," అన్నాడు.

"అరంగుళమా!" నూకరాజు నాలిక కరుచుకున్నాడు. "అయ్యో బావూ! ఇది తోకతోని ఒక్కటిచ్చినాదంటే గాజు ఇక్కడుంటాది, ముక్కలు స్టేషన్లో ఉంటాయి!"

అంతే. రామమూర్తి కలానికి మూత పెట్టాడు. పుస్తకం జేబులో పెట్టాడు. గొడుగు తీసుకుని లేచి నిలబడ్డాడు.

"పిల్లలొచ్చే చోటు నూకరాజూ. నేను సంతకం పెట్టలేను. ఏమనుకోకు."

"లోపలికొచ్చి సూడండి బావూ, ఒక్కసారి…"

"చూడక్కర్లేదయ్యా. విన్నాను."

నూకరాజు నవ్వు సగంలో ఆగింది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, స్టేషను వైపు చూపిస్తూ. ఏం జరిగిందో అతనికి అప్పుడు తెలిసింది. కూతురి వైపు తిరిగాడు. ఆ ముఖం కుండ పగలగొట్టి నిలబడ్డ రెండేళ్ల పిల్లాడి ముఖంలా ఉంది.

ఊర్మిళ గడప దాటి బయటికొచ్చింది. నలుగురు మగవాళ్ల మధ్య తండ్రి మాట తీసెయ్యడం ఎంత పనో ఆమెకి తెలుసు. రేపట్నుంచి తనకి పేపరు ఉండదనీ తెలుసు. ముక్కు మీద పుండుతో ఒళ్లు వంచుకుని తిరిగే చేపొకటి లోపలుంది. ఆ చేపకి మాట్లాడటం రాదు.

"సెక్రటరీ గారూ, ఒక్క నిమిషం. ఆ చేపకి చదువు రాదండీ."

రామమూర్తి వెనక్కి తిరిగాడు.

"దాని పేరే పఢినా. మన వాలుగ. ఆ ముసలమ్మ పేరు చెబితే నాన్నకి చదువని వినబడింది. అది ఎవరినీ కొరకలేదు, రెండేళ్ల నుంచీ రోజూ నా చేతులు ఆ నీళ్లలోనే ఉంటాయి, ఇదిగో చూడండి, పది వేళ్లూ ఉన్నాయి. దానికి వెలుతురంటే భయం. వెనక కాగితం ఉంటే నీడగా ఉంటుందని అక్కడ పడుకుంటుంది. హిందీ పేపరు ఒక్క పొరే అతికించాడు నాన్న, వెలుతురు దూరింది, అందుకే పారిపోయింది. తెలుగు పేపరు మడిచి రెండు పొరలు అతికించాడు. దానికి ఏ భాషైనా ఒకటేనండీ, మందం కావాలంతే."

రామమూర్తి గొడుగు నేలకి ఆనించాడు. "మరి తినడం?"

"అది నిజం. నోట్లో పట్టిన చేపని వదలదు. రంగు చేపలతో కలిపి పెట్టకండి, ఒంటరిగా పెట్టండి. ఎగురుతుంది కూడా, పైన జల్లెడ పలక వెయ్యాలి. కుళాయి నీళ్లు తిన్నగా పొయ్యకూడదు, ఒక రోజు డ్రమ్ములో నిలవుంచి, రెండు రోజులకోసారి మూడో వంతు మార్చాలి. మీ రంగు చేపలు అందుకే పోయుంటాయి."

"ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. మొదట్లో రెండుసార్లు చావబోయింది. అప్పుడు తెలిసింది."

రామమూర్తి ఆమెని కొంచెంసేపు చూశాడు. తర్వాత, లెక్క తేలని ఫైలు ముందున్న గుమాస్తాలా అడిగాడు. "అన్నీ సరే. పాత పేపరు అతికిస్తే దానికి నచ్చదని, రోజూ కొత్తది కావాలని మీ నాన్న అన్నాడే. నీడ కోసమైతే పాతదైనా ఒకటేగా?"

ఇక్కడ ఊర్మిళ గొంతు కొంచెం తగ్గింది. "పాతది నచ్చదని నాన్నతో చెప్పింది నేనండీ. పేపరు చదివేది నేనే. చేపకి చదువు రాదంటే కొనడం మానేస్తాడని చెప్పలేదు."

జోగయ్య తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నూకరాజు కూతుర్ని చూస్తున్నాడు. ముప్పయ్యేళ్లలో ఆ కాలనీవాళ్లు అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం చూడలేదు. ఊర్మిళకి భయం వేసింది. నాన్న కోప్పడితే తట్టుకోగలదు గాని, నాన్న మాట పోతే ఎలాగో ఆమెకి తెలీదు.

నూకరాజు మెల్లగా ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు.

"సూసినారా బావూ," అన్నాడు. "నానేటి సెప్పినాను? ఈ ఇంట్లో తెలుగు పేపరు ఈ మూల నుంచి ఆ మూలకి వరస తప్పకుండా సదివే జీవం ఒకటుందని సెప్పినానా, నేదా? సెప్పినాను! మీసాలున్నదా, జడున్నదా అని మీరే అడగనేదు!"

ముందు జోగయ్య పగలబడ్డాడు, తర్వాత సూరిబాబు. రామమూర్తి పెదవులు కూడా ఒక పక్కకి కదిలాయి.

"మరైతే సేప ఎల్లిపోనాక పేపరేల?" అంది దాలమ్మ గుమ్మంలోంచి, ఇంటి ఇల్లాలు అడగవలసిన ప్రశ్నే.

"ఎందుకేటి?" నూకరాజు వెనక్కి తిరగలేదు. గొంతు మాత్రం కోతల గొంతు కాదు. "దాని సదువు ఒకసారి ఆపినాం గదే. మళ్లీ ఆపమంటావా?"

దాలమ్మ గరిటె దించుకుని లోపలికి వెళ్లింది. ఊర్మిళ ఖాళీ గ్లాసులు ఏరే మిషతో తల వంచుకుంది.

రామమూర్తి చెప్పులు విడిచి లోపలి గదిలోకి వెళ్లాడు. పేపరు నీడలో ఒళ్లు దాచుకుని, తోక ఒక్కటీ బయట పెట్టుకుని ఉన్న వాలుగని వంగి చూశాడు. ముక్కు మీద పుండు కూడా చూశాడు. బయటికొచ్చి కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచాడు.

"రేపు సాయంత్రం తీసుకురండి. పేపరు అతికించడానికీ, నీళ్లు మార్చడానికీ అమ్మాయి వస్తూ ఉండాలి. రీడింగ్ రూము తాళం కూడా ఆ పక్కనే ఉంటుంది, తనే తీసుకోవచ్చు. ఇప్పుడు వివరాలు చెప్పండి. చేప రకం?"

"వాలుగండీ," అంది ఊర్మిళ.

"తీసుకురావడమెలాగ?"

"నా క్రేను పట్టుకొస్తా బిడ్డా, సెలవు పెట్టను గీసారి," అన్నాడు జోగయ్య.

"స్నానాల గంగాళం చాలు బాబాయ్. పైన తడిగుడ్డ కప్పుకుంటే సరి."

రామమూర్తి రాసుకున్నాడు. "పొడవు?"

అందరూ నూకరాజు వైపు తిరిగారు. నూకరాజు నోరు తెరిచాడు. కూతుర్ని చూశాడు. మూసేశాడు.

"రెండడుగుల నాలుగంగుళాలండీ," అంది ఊర్మిళ. "పొద్దున్నే టేపు పెట్టి కొలిచాను."

"రెండు… నాలుగు," అని గొణుక్కుంటూ రామమూర్తి అంకెలు వేశాడు.

నూకరాజు ఆయన భుజం మీంచి వంగి, ఆ అంకెల వైపు చాలాసేపు చూశాడు.

"రాసుకోండి బావూ, రాసుకోండి," అన్నాడు. "గానీ అది పొద్దుటి కొలత."